"వెయిట్ చేయండి": ఒక ఫుడ్ కోర్ట్ కౌంటర్ కేస్ స్టడీ

హోటళ్లలో, ఫుడ్ కోర్టుల్లో కౌంటర్ పని ఎలా నడుస్తోందో చూసి, ఎక్కడ చిక్కు పడుతోందో కనిపెట్టి సరిచేయడం నా వృత్తి. ఇక్కడ చెప్పబోయేది ఒకే ఒక్క కౌంటర్ కథ. ఓనరు అనుమతితోనే రాస్తున్నాను. కౌంటర్ పేరు, ఊరు, మనుషుల పేర్లు మాత్రం చెప్పను. ఇందులోని అంకెలు నేను అక్కడ నిలబడి రాసుకున్నవి. ఇంకో కౌంటర్‌కు వాటిని ఉన్నవి ఉన్నట్టు అంటగట్టకూడదు. లెక్క వేసే పద్ధతి మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది.

ఓనరు నన్ను పిలిచింది ట్రైనింగ్ కోసం. "వంట బాగుందనే అందరూ అంటారు మేడమ్. మనుషుల తీరే బాగోలేదంటున్నారు. మా పిల్లలకు కాస్త మర్యాద నేర్పించండి" అన్నారు. కస్టమర్లు రాసిన రివ్యూలు ప్రింట్ తీసి నా ముందు పెట్టారు. "మొహం ఎత్తి కూడా చూడరు." "ఏదైనా అడిగితే చిరాకు." "మా తర్వాత వచ్చినవాళ్లకు ముందు ఇచ్చారు." "తప్పు ఆర్డర్ ఇచ్చి మళ్లీ మా మీదే అరిచారు." ఎక్కువ ఫిర్యాదులు మధ్యాహ్నం షిఫ్ట్‌లో క్యాష్ దగ్గర కూర్చునే అమ్మాయి మీదే. ఆమెను తీసేద్దామా అని ఓనరు అప్పటికే ఆలోచిస్తున్నారు.

షిఫ్ట్‌కు ఆరుగురు. క్యాష్‌లో ఒకరు, వంటలో ముగ్గురు, ప్లేట్లు సర్ది టోకెన్ పిలిచి అందించే కుర్రాడు ఒకడు, సరుకూ గిన్నెలూ చూసుకునేవారు ఒకరు. మేనేజర్‌కు ఇంకో చోట కూడా ఒక కౌంటర్ బాధ్యత ఉంది. ఆయన ఇక్కడ సగం రోజే ఉంటారు.

మొదట నేను చేసిన తప్పు

ఓనరు అడిగింది అడిగినట్టే చేశాను. రెండు మధ్యాహ్నాలు అందరినీ కూర్చోబెట్టి క్లాసులు చెప్పాను. కళ్లలోకి చూసి పలకరించడం, "అండి" వదలకపోవడం, పొరపాటు జరిగితే సాకులు చెప్పకుండా సారీ చెప్పడం, కోపంగా ఉన్న మనిషి మాటను మధ్యలో తుంచకపోవడం, అన్నీ చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. క్యాష్ అమ్మాయి నోట్సు కూడా రాసుకుంది.

పది రోజులకు ఓనరు ఫోన్ చేశారు. ఫిర్యాదులు తగ్గలేదు. కొత్త రకం ఒకటి చేరింది: "నవ్వుతూ అబద్ధం చెబుతున్నారు." ఇంతకుముందు "వెయిట్ చేయండి" అనేవాళ్లు ఇప్పుడు చక్కగా నవ్వి "ఐదే నిమిషాలండి" అంటున్నారు. ఇరవై నిమిషాలైనా ప్లేటు రాదు. ముభావంగా ఉన్న మనిషినైనా కస్టమర్ క్షమిస్తాడు, మాట తప్పిన మనిషిని క్షమించడు. నేను నేర్పిన మర్యాద వల్ల వాళ్లకు ఇంకో మాట పడింది.

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షిల్డ్ 1983లో విమానాల్లో పనిచేసే ఎయిర్‌హోస్టెస్‌ల గురించి రాస్తూ, లోపల లేని భావాన్ని మొహం మీద నిలబెట్టడం కూడా శ్రమేనని, జీతంలో భాగంగా ఆ శ్రమను కొంటున్నారని చెప్పారు. కౌంటర్ వెనక నిలబడితే అది నూటికి నూరుపాళ్లు నిజమని తెలుస్తుంది. మామూలుగా పని సాగుతున్నప్పుడు నవ్వు దానంతట అదే వస్తుంది. పని తెగకుండా చేతులు కట్టేసినట్టు ఉన్నప్పుడు, అదే నవ్వు ఇంకో బరువు అవుతుంది. నేను ఆ అమ్మాయి నెత్తిన ఆ బరువు పెట్టి వచ్చాను.

క్లాసు కంటే ముందు అక్కడ నిలబడి చూడాల్సింది. ఆ తర్వాతి వారం వెళ్లి నిలబడ్డాను.

నిలబడి చూసినది

మొదటి రోజు కస్టమర్ల వైపు, రెండో రోజు కౌంటర్ లోపల. చేతిలో ఒక చిన్న పుస్తకం, ఫోన్‌లో స్టాప్‌వాచ్. మధ్యాహ్నం రష్‌లో ఎవరెవరు ఏం అడుగుతున్నారో గీతలు పెట్టుకుంటూ పోయాను.

క్యాష్ దగ్గరికి వచ్చేవాళ్లంతా ఆర్డర్ ఇవ్వడానికే వస్తారని ఓనరు అనుకుంటున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. ఒక గంటలో కౌంటర్ దగ్గర ఆర్డర్ ఇచ్చినవాళ్లు 60 మంది. అదే గంటలో "నాది ఇంకా ఎంతసేపు?" "నా టోకెన్ పిలిచారా?" "నాది మర్చిపోలేదు కదా?" అని అడగడానికి వచ్చినవి 40 సార్లు. కొందరు రెండుసార్లు, మూడుసార్లు వచ్చారు. ప్రతిసారీ ఆమె జవాబు ఒకటే, "వెయిట్ చేయండి." తల ఎత్తకుండానే.

రెండో రోజు లోపల నిలబడ్డాక ఎందుకు తల ఎత్తడం లేదో అర్థమైంది. ఆమెకు ఆ ప్రశ్నకు జవాబు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

ఆర్డర్ స్లిప్పు వంటగది లోపల ప్రింట్ అవుతుంది. క్యాష్‌కీ వంటకీ మధ్య గోడ, ఆమె వీపు వెనక ఒక చిన్న కిటికీ. లోపల ఏ ఆర్డర్ ఎంతవరకు వచ్చిందో తెలియాలంటే ఆమె కుర్చీ తిప్పి, కిటికీలోంచి అరవాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ హోరు, గిన్నెల చప్పుడు, పక్క కౌంటర్ల టోకెన్ పిలుపులు. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రెంచ్ వైద్యుడు ఎటియెన్ లొంబార్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే దీన్ని గమనించాడు, ఆయన పేరు మీదే దాన్ని లొంబార్ ఎఫెక్ట్ అంటారు. "అరిచారు" అని రివ్యూల్లో రాసినదాంట్లో కొంత భాగం ఇదేనని నా నమ్మకం. లోపలికి అరిచిన గొంతుతోనే ఇటు తిరిగి కస్టమర్‌తో మాట్లాడుతుంది. ఆమెకు అది మామూలు గొంతే, ఎదుటివాడికి గద్దింపు.

అరిచినా లోపలి నుంచి జవాబు వచ్చేది నాలుగింట ఒకసారి. మాస్టర్ చేతుల్లో పని ఉంటుంది, ఆయన స్లిప్పులు వెతుక్కుంటూ కూర్చోలేరు. అడిగి అడిగి ఆమె అడగడం మానేసింది. జవాబు లేని ప్రశ్న రోజుకు వంద సార్లు ఎదురైతే ఎవరైనా కళ్లు దించేసుకుంటారు.

ఇంకోటి, ఆమె పక్కనే డెలివరీ యాప్‌ల ట్యాబ్. మోగిన ప్రతిసారీ నొక్కి ఆర్డర్ ఒప్పుకోవాలి. ఆ గంటలో అలాంటివి 30. లైన్లో నిలబడ్డ కస్టమర్‌కు కనిపించేది తన ముందున్న ఇద్దరే. కనిపించని ఆర్డర్లు పదో పన్నెండో తనకంటే ముందున్నాయని ఆయనకు తెలియదు. "ఇద్దరికి ఇవ్వడానికి ఇరవై నిమిషాలా?" అని ఆయన అడగడం న్యాయమే. ఎలా జవాబు చెప్పాలో తెలియక ఆమె చిరాకు పడటం కూడా నాకు అర్థమైంది.

ఆ రోజు జరిగిన గొడవ

రెండో రోజు, ఒంటిగంట దాటాక ఒక పెద్దాయన వచ్చారు, వెంట నాలుగైదేళ్ల మనవరాలు. ఆర్డర్ ఇచ్చి, టోకెన్ తీసుకుని, దగ్గర్లోని టేబుల్ దగ్గర కూర్చున్నారు. పన్నెండు నిమిషాలకు ఒకసారి వచ్చి అడిగారు. "వెయిట్ చేయండి సార్." ఇరవై నిమిషాలకు మళ్లీ. అదే మాట. ఆయన తర్వాత ఆర్డర్ ఇచ్చినవాళ్లు తిని లేచి వెళ్లిపోతున్నారు. పాప ఏడుపు మొదలుపెట్టింది. ముప్పై నిమిషాలు దాటాక నాలుగోసారి వచ్చారు. "ఎన్నిసార్లు చెప్పాలి సార్, వస్తుందని!" అందా అమ్మాయి.

పెద్దాయన గొంతు వణికింది. "అమ్మా, తిండి కోసం అడుక్కోవడానికి రాలేదు నేను. డబ్బు ఇచ్చాను" అన్నారు.

నేను లోపలికి వెళ్లి వెతికాను. ఆయన స్లిప్పు ప్రింటర్ నుంచి జారి స్టీలు టేబుల్ వెనక పడిపోయి ఉంది. ఎవరూ ఆ ఆర్డర్ చూడనే లేదు. ముప్పై నిమిషాలుగా రాబోతోందని చెప్పిన ప్లేటును ఎవరూ మొదలే పెట్టలేదు.

డబ్బు వెనక్కి ఇచ్చేయమన్నాను. ఆమె చేయలేదు. చేయలేదంటే, చేతకాలేదు. రద్దు చేయాలంటే మేనేజర్ పాస్‌వర్డ్ కావాలి. మేనేజర్ ఫోన్ ఎత్తలేదు. పోనీ ఇంకో ప్లేటు వెంటనే చేయించి ఇవ్వాలంటే, స్లిప్పు లేకుండా వంటలో ఏదీ చేయకూడదని రూలు. పెద్దాయన ప్లేటూ లేకుండా, డబ్బూ లేకుండా పాపను ఎత్తుకుని వెళ్లిపోయారు. నేను వెనకాలే వెళ్లి ఆపబోయాను, ఆయన ఆగలేదు. ఆగకపోవడమే సరైనది.

రష్ తగ్గాక సరుకు గదిలో ఆ అమ్మాయి కనిపించింది. ఏడ్చి మొహం కడుక్కుంది. "మేడమ్, ఆయన మా తాతయ్య వయసు. అలా అన్నందుకు నాకే సిగ్గుగా ఉంది. కానీ ఏం చెప్పమంటారు? నాకు నిజంగా తెలియదు" అంది. ఆ రోజు ఆమె పదిన్నరకు కూర్చుంది. అప్పుడు మూడుంబావు. మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు, మంచినీళ్లకు కూడా. లేస్తే కూర్చోవడానికి ఇంకొకరు లేరు.

ఓనరు చూపించిన రివ్యూల్లో ఆమె పొగరు కనిపించింది. ఈ గదిలో నాకు కనిపించింది వేరు. కస్టమర్‌కు ఇవ్వాల్సిన మూడు వస్తువులు, సమాచారం, పరిష్కారం, ఓపిక, వాటిలో ఏదీ ఆమె చేతిలో లేదు. మొదటి రెండూ కౌంటర్ అమరికే లాగేసుకుంది. మూడోది గంటల తరబడి తెరిపి లేని పని తినేసింది.

లెక్క

ఓనరుకు నేను చూపించిన లెక్క ఇది. ఇందులోనే అసలు విషయం ఉంది కాబట్టి కాస్త ఓపికగా చదవమని అడుగుతున్నాను.

ఒక కస్టమర్ ఆర్డర్ తీసుకుని డబ్బు తీసుకోవడానికి ఆమెకు సగటున 40 సెకన్లు పడుతోంది. గంటకు 60 మంది అంటే 2,400 సెకన్లు. గంటలో 3,600 సెకన్లు ఉంటాయి కాబట్టి, మూడింట రెండు వంతుల సేపు ఆమె పనిలో ఉంటుంది. ఇది మంచి స్థితి. ఇప్పుడు "ఇంకా ఎంతసేపు" ప్రశ్నలు కలపండి. 40 ప్రశ్నలు, ఒక్కోదానికి 15 సెకన్లు, 600 సెకన్లు. మొత్తం 3,000. ట్యాబ్‌లో 30 ఆర్డర్లు నొక్కడానికి ఒక్కోదానికి 10 సెకన్ల చొప్పున 300. మొత్తం 3,300. గంటలో ఆమెకు మిగిలేది 5 నిమిషాలు, అది కూడా ముక్కలు ముక్కలుగా.

మూడింట రెండు వంతుల నుంచి పన్నెండింట పదకొండు వంతులకు పెరిగింది, అంతే కదా అనిపిస్తుంది. లైను మాత్రం అలా పెరగదు. డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ 1909లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కాల్స్ మీద మొదలుపెట్టిన లెక్కల దారిలో ఒక సూత్రం ఉంది. మనుషులు ఒక పద్ధతి లేకుండా వస్తూ, ఒక్కొక్కరికి ఒక్కో సమయం పడుతూ, సేవ చేసేది ఒక్కరే అయితే, లైన్లో సగటు నిరీక్షణ ఎంతో అది చెబుతుంది. పనిలో మునిగి ఉండే భాగాన్ని, ఖాళీగా ఉండే భాగంతో భాగించి, సగటు సర్వీసు టైముతో గుణించాలి. మూడింట రెండు వంతులు బిజీ అయితే రెండు రెట్లు. ఆరింట ఐదు వంతులైతే ఐదు రెట్లు. పన్నెండింట పదకొండు వంతులైతే పదకొండు రెట్లు. మొదటి స్థితిలో సర్వీసు టైము 40 సెకన్లు కాబట్టి లైన్లో 80 సెకన్లు నిలబడే మనిషి, చివరి స్థితిలో ప్రశ్నలూ ట్యాబూ కలిపి ఒక్కో కస్టమర్‌కు 55 సెకన్లు (3,300ను 60తో భాగిస్తే) పడుతున్నట్టు లెక్క కాబట్టి, పది నిమిషాలు నిలబడాలి. మా కౌంటర్ దగ్గర లైను అంత పొడుగు కాలేదు. కాకపోవడానికి కారణం, దూరం నుంచి లైను చూసి చాలామంది పక్క కౌంటర్‌కు వెళ్లిపోవడమే.

ఓనరు చాలాసేపు ఆ కాగితం వైపే చూశారు. "అంటే, ఎంతసేపు అని అడగడం వల్లే ఆలస్యమా?" అన్నారు. కొంత అంతే. ఆలస్యం వల్ల ప్రశ్న, ప్రశ్న వల్ల ఇంకా ఆలస్యం. ఆ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి. ట్రైనింగ్‌తో తెగదు. అడగాల్సిన అవసరం లేకుండా చేస్తే తెగుతుంది.

నిరీక్షణ మీద చాలా పని చేసిన డేవిడ్ మేస్టర్ 1985లో చెప్పిన విషయాలు ఇప్పటికీ ప్రతి కౌంటర్‌కూ సరిపోతాయి. ఎంతసేపో తెలియని నిరీక్షణ తెలిసిన నిరీక్షణ కంటే ఎక్కువగా తోస్తుంది. కారణం చెప్పనిది చెప్పినదానికంటే, అన్యాయంగా కనిపించేది న్యాయంగా ఉన్నదానికంటే పొడుగ్గా అనిపిస్తుంది. పెద్దాయన విషయంలో మూడూ ఒకేసారి జరిగాయి.

మార్చినవి

మొదట స్లిప్పు. వంటలో ప్రింట్ అయ్యేది అలాగే ఉంచి, రెండో కాపీ ప్లేట్లు అందించే చోట ప్రింట్ అయ్యేలా పెట్టించాను. అక్కడ ఒక క్లిప్పుల పట్టీ, క్యాష్ కుర్చీలోంచి తల తిప్పితే కనిపించేలా. ఆర్డర్ ఇచ్చేశాక ఆ కుర్రాడు స్లిప్పు తీసేస్తాడు. అంటే పట్టీ మీద ఉన్నవన్నీ ఇంకా ఇవ్వాల్సినవి. యాప్ ఆర్డర్లు కూడా అదే పట్టీ మీద, పసుపు కాగితం మీద. వంటలో స్లిప్పు పోయినా పట్టీ మీద ఉంటుంది. పాతబడిన స్లిప్పు ఎడమ చివర ఒంటరిగా వేలాడుతూ అందరికీ కనిపిస్తుంది.

దీనితో ఇంకో లాభం వచ్చింది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. జాన్ లిటిల్ అనే శాస్త్రవేత్త 1961లో రుజువు చేసిన చాలా సరళమైన సంబంధం ఒకటుంది. లోపల ఉన్న ఆర్డర్ల సంఖ్యను, అవి బయటికి వచ్చే వేగంతో భాగిస్తే, ఒక్కో ఆర్డర్‌కు పట్టే సగటు సమయం వస్తుంది. మా రష్‌లో గంటకు 90 ఆర్డర్లు, అంటే నిమిషానికి ఒకటిన్నర. పట్టీ మీద 18 స్లిప్పులుంటే 12 నిమిషాలు. 24 ఉంటే 16 నిమిషాలు. ఆ అమ్మాయికి సూత్రం చెప్పలేదు. "స్లిప్పులు లెక్కపెట్టు, అందులో మూడో వంతు తీసేయ్, మిగిలినన్ని నిమిషాలు" అని చెప్పాను. రెండో రోజుకే ఆమెకు లెక్కపెట్టాల్సిన పని లేకుండా పోయింది. పట్టీ ఎంతవరకు నిండిందో చూసి చెప్పేస్తోంది.

ఇప్పుడు ఆమె మాట ఇది: "మీ ముందు పద్దెనిమిది ఉన్నాయండి, యాప్‌వి కూడా కలిపి. పన్నెండు నిమిషాలు పడుతుంది. పర్వాలేదా?" డబ్బు తీసుకోక ముందే చెబుతుంది. కొందరు వద్దని వెళ్లిపోతారు. ఓనరుకు మొదట్లో అది కష్టంగా తోచింది. వాళ్లు కోపంగా వెళ్లడం లేదు కదా అన్నాను.

రెండోది యాప్ ఆర్డర్లు. స్లిప్పులు 24 దాటితే ఆ అమ్మాయే 15 నిమిషాలు యాప్ ఆర్డర్లు ఆపేయవచ్చు. దీని మీద ఓనరుతో ఎక్కువ వాదన జరిగింది.

"ఆపితే యాప్‌లో కిందికి పోతాం మేడమ్. మాకు కనిపించకుండా పోయే వ్యాపారం అది."

"ఆలస్యంగా ఇస్తే రేటింగ్ పోతుంది కదండీ. ఎదురుగా నిలబడ్డవాళ్లదీ పోతోంది."

ఆయన భయం ఊరికే పుట్టలేదు, దానికి కారణం ఉంది. ఆపడం వల్ల ఆయనకు కొంత నష్టం వచ్చే వీలుందని నేనూ ఒప్పుకున్నాను. చివరికి రోజుకు రెండుసార్లకు మించి ఆపకూడదని ఒప్పందం కుదిరింది. మూడోసారి అవసరమైతే ఓనరుకు మెసేజ్ పెట్టాలి.

మూడోది అధికారం. ఒక ఆర్డర్ విలువ వరకు డబ్బు వాపసు ఇవ్వడానికి, లేదా వెంటనే మళ్లీ చేయించి ఇవ్వడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఒక పుస్తకంలో టోకెన్ నంబరు, కారణం రాస్తే చాలు. "దుర్వినియోగం చేస్తే?" అన్నది మేనేజర్ ప్రశ్న. పుస్తకం వారానికోసారి చూడండి, అనుమానం వస్తే అప్పుడు అడగండి అన్నాను. చేతిలో గల్లాపెట్టె పెట్టి నమ్మినవాళ్లు ఒక్క ప్లేటు దగ్గర నమ్మకపోవడం నాకు ఎప్పుడూ అర్థం కాదు. రోజంతా లెక్క చూసుకుని డబ్బు అప్పజెప్పే మనిషి ఆమె.

నాలుగోది విరామం. ప్లేట్లు అందించే కుర్రాడికి క్యాష్ పని నేర్పించాం. రష్‌కు ముందు పది నిమిషాలు, తర్వాత పదిహేను నిమిషాలు ఆమె లేస్తుంది. దీనికి ఖర్చు లేదు, పెద్ద ఏర్పాటూ లేదు. అయినా ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే ఆమె ఎప్పుడూ అడగలేదు.

చిన్నవి మరో రెండు. అయిపోయిన ఐటమ్ మీద బోర్డులో వెంటనే ఒక పట్టీ అంటించడం. ఆర్డర్ ఇచ్చాక "అది లేదండి" అని చెప్పే అవసరం లేకుండా. ఇంకోటి, ఏ వంటకంలో ఏమేం ఉన్నాయో రాసి ఉన్న ఫైలు క్యాష్ దగ్గర పెట్టడం. ఎలర్జీ ఉన్నవాళ్లు "ఇందులో ఇది ఉందా?" అని అడిగితే ఇంతకుముందు "ఉండదనుకుంటానండి" అనేవాళ్లు. అది మర్యాదగా చెప్పినా ప్రమాదమే. ఆ ప్రశ్నకు ఊహ జవాబు కాకూడదు, ఒక మనిషి ప్రాణం మీదికి రావచ్చు.

పనిచేయనివి

"మా తర్వాత వచ్చినవాళ్లకు ముందు ఇచ్చారు" అన్న ఫిర్యాదు తీర్చాలని, వచ్చిన వరుసలోనే వండి ఇవ్వాలని వంటవాళ్లకు చెప్పాను. రెండు రోజుల్లోనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఒకే రకం ఆర్డర్లు నాలుగు కలిపి ఒక వాయి వేయడం వాళ్ల పద్ధతి. వరుస కోసం ఒక్కొక్కటే వేయించేసరికి అందరికీ ఆలస్యమైంది. మాస్టర్ నన్ను తిట్టలేదు, కానీ ఆయన అన్నమాట నాకు బాగా గుర్తు. "అమ్మా, నిప్పు దగ్గర వరుస వేరు" అన్నారు. ఆయన చెప్పింది నిజం.

అప్పుడు వేరే దారి పట్టాం. వంటకాలను రెండు రకాలు చేసి, బోర్డు మీదే త్వరగా వచ్చేవి, టైము పట్టేవి అని విడిగా రాయించాం. క్యాష్ దగ్గర కూడా, "ఇది టైము పట్టేదండి, మీ తర్వాత ఆర్డర్ ఇచ్చినవాళ్లకు వాళ్లది ముందు రావచ్చు" అని ముందే చెప్పిస్తున్నాం. వరుస మారడం ఆగలేదు. మారుతుందని ముందే తెలియడంతో అది మోసంలా కనిపించడం మానేసింది. లైన్లలో మనుషులకు ఆలస్యం కంటే అన్యాయమే ఎక్కువ బాధిస్తుందని రిచర్డ్ లార్సన్ 1987లోనే రాశారు. నేను దాన్ని చదివి ఉన్నాను, అయినా వంటగదిలో తప్పుగా వాడాను.

మేనేజర్‌ది ఇంకో ఆలోచన. రష్‌కు ముందే కొన్ని వండి పెట్టేద్దాం అన్నారు. నేను ఒప్పుకోలేదు. వండినదాన్ని 60 డిగ్రీల సెల్సియస్ పైన వేడిగా ఉంచాలి, మామూలు గది వేడిలో 2 గంటలకు మించి వదలకూడదు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. వేడి నిలిపే పెట్టె వాళ్ల దగ్గర లేదు, థర్మామీటర్ లేదు. ఐదు నిమిషాలు ఆదా చేయడానికి ఒకరి కడుపు చెడగొట్టే పని చేయకూడదు. ఆ పెట్టె కొన్నాక మళ్లీ మాట్లాడుకుందాం అన్నాను. ఇంకా కొనలేదు.

ఆరు వారాల తర్వాత

మళ్లీ అదే గంటలో, అదే పుస్తకంతో నిలబడ్డాను. "ఇంకా ఎంతసేపు" అని అడగడానికి వచ్చినవి 11. మిగతావాళ్లు కూర్చునే ఉన్నారు. ఒక్క కౌంటర్, ఒక్క గంట లెక్క ఇది, దీన్ని గొప్పగా చెప్పుకోను. కానీ ఆ అమ్మాయి తల ఎత్తి మాట్లాడుతోంది. నేను క్లాసులో చెప్పిన మాటలేవీ వాడటం లేదు. తన సొంత మాటలే వాడుతోంది.

వాపసుల పుస్తకంలో ఆరు వారాల్లో 19 రాతలు. మేనేజర్ భయపడినట్టు ఏదీ కనిపించలేదు. చదువుతూ పోతే వేరేది కనిపించింది: 19లో 11 ఒకే కారణం, పార్సెల్‌లో ఏదో ఒకటి వేయడం మర్చిపోవడం. ఇన్నాళ్లూ ఆ కస్టమర్లు ఇంటికి వెళ్లి సంచి విప్పి, తిట్టుకుని, మళ్లీ రాకుండా పోయేవాళ్లు. పుస్తకం పెట్టేదాకా కౌంటర్‌లో ఎవరికీ ఆ సంగతే తెలియదు. ఇప్పుడు పార్సెల్ కట్టేముందు స్లిప్పు మీద ఒక్కో ఐటమ్‌కు టిక్కు పెట్టడం మొదలుపెట్టారు. కుర్రాడు రష్‌లో అప్పుడప్పుడు టిక్కు పెట్టకుండానే కట్టేస్తున్నాడు, నేను చూశాను. అది అలవాటు కావడానికి ఇంకా టైము పడుతుంది.

ఒకటి మాత్రం తేల్చలేకపోయాను. టేబుళ్లు. కస్టమర్ కూర్చునే చోటు ఏ కౌంటర్‌దీ కాదు, ఫుడ్ కోర్టు యాజమాన్యానిది. రష్‌లో ఎంగిలి ట్రేలు అలాగే ఉండిపోతాయి. కస్టమర్ ప్లేటు పట్టుకుని ఖాళీ టేబుల్ కోసం తిరిగి, వచ్చి మా కౌంటర్‌లోనే అడుగుతాడు, "తుడిచేవాళ్లు లేరా?" అని. మా వాళ్లు "అది మాది కాదండి" అనేవాళ్లు. అది నిజమే, కానీ తిండి చల్లారిపోతూ నిలబడ్డ మనిషికి ఆ నిజంతో పని లేదు. ప్రస్తుతానికి కౌంటర్ కింద ఒక తుడిచే గుడ్డ, స్ప్రే పెట్టించాం. చేతులు ఖాళీగా ఉన్నవాళ్లు ఎవరైనా వెళ్లి ఆ ఒక్క టేబుల్ తుడిచి వస్తారు. రష్ సమయంలో ఇంకో మనిషిని పెట్టాలని యాజమాన్యానికి ఐదు కౌంటర్ల ఓనర్లు కలిసి ఉత్తరం రాశారు. ఇది రాసే రోజుకు జవాబు రాలేదు. వచ్చే నెల ఆ సమావేశానికి నేనూ వెళ్తున్నాను, రష్ గంటలో ఎన్ని టేబుళ్లు ఎంతసేపు తుడవకుండా ఉన్నాయో రాసుకున్న కాగితంతో.